ఒక కోడ్ ఇంకో కోడ్‌కు మొదలు కాకూడదు

చి. రవికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన కాగితం రెండుసార్లు చదివాను. భీమవరం చెరువుల గట్టున పెట్టే నీ పెట్టె పది నిమిషాలకోసారి పరిస్థితి చూసి, గంటకోసారి అన్నిటినీ కలిపి ఒకే వరుసగా పంపుతుందన్నావు. బ్యాటరీ ఆదాకు సందేశాలు పొట్టిగా ఉండాలన్న ఆలోచన మంచిదే. కానీ ‘బాగుంది’కి 0, ‘కరెంటు పోయింది’కి 1, ‘ఆక్సిజన్ తగ్గింది’కి 01, ‘ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) ఆగింది’కి 10 ఇచ్చావు. రైతుకు 01 వస్తే ఎలా చదవాలి? ఆక్సిజన్ తగ్గిందనా, మొదట బాగుండి తర్వాత కరెంటు పోయిందనా? తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలే వేళ ఆ అనుమానం ఉండకూడదు నాయనా.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసినన్నాళ్లూ మేం కాపాడుకున్న నియమం ఒకటే, ఒక కోడ్ ఇంకో కోడ్‌కు మొదలు కాకూడదు. ఊళ్ల ఎస్టీడీ కోడ్‌లు చూడు, విజయవాడ 0866, గుంటూరు 0863, నెల్లూరు 0861. ల్యాండ్‌లైన్‌లో నొక్కిన ప్రతి అంకెనూ ఎక్స్ఛేంజీ అప్పటికప్పుడే అందుకుంటుంది, ‘ఇక అయిపోయింది’ అని చెప్పే మీట లేదు. 086 అనే కోడ్‌ను ఏదో ఒక ఊరికి ఇచ్చేసి ఉంటే, కాల్ అక్కడికక్కడే ఆ ఊరి దారి పట్టేది. ఈ మూడు ఊళ్లూ అందకుండా పోయేవి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫీసు ఇంటర్‌కమ్‌కు నంబర్లు నేనే వేశాను. పెద్దాయన గదికి గౌరవంగా 2 ఇచ్చి, గుమాస్తాలకు 21, 22 ఇచ్చాను. ఎవరు 21 తిప్పినా 2 దగ్గరే ఆయన గదిలో గంట మోగేది. రాత్రంతా కూర్చుని అన్నీ మార్చాను. ఇంటి నంబర్లలో 4-1, 4-12 పక్కపక్కనే ఉన్నా చిక్కు లేదు, గోడ మీద అంకెలు ఎక్కడ ఆగాయో పోస్ట్‌మన్‌కు కనిపిస్తుంది. నీ వరుసలో అలాంటి ఖాళీ ఉండదు.

పొట్టి కోడ్ ఊరికే రాదు. హైదరాబాద్‌కు 040 ఇచ్చారు, లోపలి నంబరుకు ఎనిమిది అంకెలు మిగిలాయి. కర్నూలు 08518, లోపల ఆరంకెలే. ముందు సున్నా తీసేస్తే రెండూ పదంకెలే. ఫోన్లు ఎక్కువున్న ఊరికి పొట్టి కోడ్ దక్కింది, దానికి బదులు 40తో మొదలయ్యే కోడ్ దేశంలో మరే ఊరికీ రాదు. నువ్వు కూడా 0ని ‘బాగుంది’కి ఇచ్చాక మిగతావన్నీ 1తోనే మొదలుకావాలి.

ఎవరికి ఎంత పొడవో ఊహతో పంచకు. 1951లో ఎమ్ఐటీ విద్యార్థి డేవిడ్ హఫ్‌మన్ దీనికి దారి కనిపెట్టాడు, మరుసటి ఏడాది అచ్చయింది. జిప్ ఫైళ్లలో, జేపెగ్ ఫొటోల్లో ఇవాళ్టికీ అదే నడుస్తోంది. అందరూ సందేశాల జాబితాను పైనుంచి విడగొట్టుకుంటూ వస్తుంటే, ఆయన అడుగు నుంచి కలుపుకుంటూ వెళ్లాడు. నీ వంద సందేశాల్లో బాగుంది 70, ఆక్సిజన్ 15, కరెంటు 10, ఏరేటర్ 5 అనుకో. అన్నిటికంటే చిన్నవి 5, 10 కలిపితే 15. దాన్ని ఆక్సిజన్ 15తో కలిపితే 30. ఆ 30ని 70తో కలుపు. ఇలా కలుపుకుంటూ గీస్తే కొమ్మలున్న చెట్టులా వస్తుంది. కలిపిన ప్రతిచోటా ఒక కొమ్మకు 0, ఇంకోదానికి 1 రాస్తే వరసగా 0, 10, 110, 111 వస్తాయి. వందకు 145 బిట్లు, అంటే అన్ని 0లు, 1లు. అన్నిటికీ రెండేసి ఇస్తే 200 అయ్యేవి.

ఏరేటర్ ఆగడం అంత ముఖ్యమైన కబురు, దానికా పొడుగు కోడ్ అని బాధపడకు. పొడవు నిర్ణయించేది ఎన్నిసార్లు వస్తుందన్న లెక్కే. ఒక బిట్ ఎక్కువైతే రైతుకు కబురు ఆలస్యం కాదు.

ఈ నాలుగు కోడ్‌లతో చెట్టు నిండిపోయింది, ఐదోదానికి చోటు లేదు. రేపు ఉప్పు శాతం కూడా చెప్పమంటారు. అందుకని ఏరేటర్‌కు 1110 ఇచ్చి 1111 ఖాళీగా ఉంచు. వందకు ఐదు బిట్లు పెరుగుతాయి, పెరగనీ.

ఇంకొకటి, దీన్ని మాత్రం మరవకు. వరుసను ఎనిమిదేసి బిట్ల బైట్లుగానే పంపాలి కదా, చివర మిగిలిన చోటును సున్నాలతో నింపితే అవన్నీ ‘బాగుంది’ అని చదవబడతాయి. చెరువులో ఊపిరాడకపోతుంటే నీ పెట్టె అబద్ధం చెప్పినట్టవుతుంది. వరుస మొదట్లో సందేశాలెన్నో రాయి, ఆఖర్న చెక్‌సమ్ పెట్టు, అంటే వరుస తప్పు లేకుండా చేరిందో లేదో సరిచూసుకునే లెక్క. దారిలో ఒక్క బిట్ తారుమారైనా తర్వాతి హద్దులన్నీ జరిగిపోవచ్చు.

ముందు ఒక నెల చెరువు దగ్గర ఏ సందేశం ఎన్నిసార్లు వస్తుందో రాసుకో. ఆ లెక్క నాకు పంపు, చెట్టు ఇద్దరం కలిసి గీద్దాం. నాన్నను అడిగానని చెప్పు.

మీ పెదనాన్న