అడవి ఉద్యోగంలో హద్దు గొడవలే ఎక్కువ

ప్రశ్న: బీఎస్సీ బోటనీ పూర్తి చేశాను. నేలపట్టులో గూడబాతులను చూసినప్పటి నుంచి అటవీ శాఖలో చేరాలని ఉంది. ఇంట్లో ‘బీఎడ్ చెయ్యి, ఆడపిల్లకు అడవిలో ఏం పని’ అంటున్నారు. నా చదువుకు ఏ ఉద్యోగాలున్నాయి? పని ఎలా ఉంటుంది?
– ఒక పాఠకురాలు, కోవూరు

జవాబు: ముందు పని సంగతి చెప్తానమ్మా. ఉదయగిరి కొండల్లో, తర్వాత మార్కాపురం వైపు నల్లమలలో రేంజ్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. నాకు నిద్ర లేకుండా చేసింది పులీ కాదు, ఎర్రచందనం దొంగలూ కాదు. హద్దు! రిజర్వు ఫారెస్టు ఎక్కడ ఆగింది, పట్టా భూమి ఎక్కడ మొదలైంది అన్న గొడవ.

హద్దు వెంబడి రాళ్లు గుట్టలుగా పేర్చి ఉంటాయి. పక్క చేను రైతు ఏటా రెండు సాళ్లు లోపలికి దున్నుకుంటూ వచ్చి, ఒకనాడు గుట్టనే జరిపేస్తాడు. ఇట్టే తెలిసిపోతుంది. పాత గుట్టలో పైరాళ్లు ఎండకూ వానకూ నల్లబడి, తెల్లమచ్చలు కట్టి ఉంటాయి. జరిపిన గుట్టలో ఎర్రమట్టి అంటిన వైపు పైకి తేలుతుంది. అక్కడ కేకలేస్తే మాత్రం పని జరగదు. మ్యాపు, గెజిట్ కాపీ పట్టుకుని, రెవెన్యూ సర్వేయరును పిలిపించి, ఆ రైతును పక్కన పెట్టుకునే కొలతలు వేయించాలి. ఎండాకాలం అడవి అంటుకుంటే కొమ్మలు పట్టుకుని ముందు వచ్చేది ఆయనే మరి.

2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కున్న గిరిజనులనూ, ఆక్రమణదారులనూ ఒకే గాటన కట్టేవాళ్లు మా శాఖలోనూ ఉన్నారు. నువ్వు అలా చేయకు. నల్లమలలో నాకు అడుగుజాడలు చదవడం నేర్పింది అడవి లోపలి కాపలా శిబిరాల్లో (బేస్ క్యాంపుల్లో) ఉండే చెంచు వాచర్లే.

ఇక ఉద్యోగాలు. బీట్ అంటే కాపలాకు విడగొట్టిన అడవి ముక్క. బీట్ ఆఫీసరు, అసిస్టెంట్ బీట్ ఆఫీసరు పోస్టులకు ఇంటర్ చాలు. 2025లో రెండూ కలిపి 691 పోస్టులకు ఏపీపీఎస్సీ నోటిఫికేషన్ ఇచ్చింది. నీకు బోటనీ ఉంది కాబట్టి సెక్షన్ ఆఫీసరు, రేంజ్ ఆఫీసరు పరీక్షలూ రాయొచ్చు. ఐఎఫ్ఎస్‌కు (ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్) ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది, మెయిన్స్ వేరు. బీట్ పోస్టులకు రాతపరీక్ష ఒక్కటే అనుకోకు, నడక పరీక్ష కూడా ఉంది. నాలుగు గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. పెన్నా పొర్లుకట్ట మీ ఊరికి దగ్గరే కదా, తెల్లారుజామున మొదలుపెట్టు.

ఆడపిల్లకేం పని అన్న మాటకు జవాబు ఇప్పటికే బీట్లలో తిరుగుతున్న అమ్మాయిలే. కష్టం లేదని మాత్రం అనను. రాత్రి గస్తీ ఉంటుంది, మారుమూల క్వార్టర్లలో వసతులు అంతంతమాత్రం. ఇది ఇంట్లో దాచకుండా చెప్పు.

బీఎడ్‌లో చేరినా తప్పులేదు, ఈ నోటిఫికేషన్లు ఏటా రావు. కోచింగ్‌కు డబ్బు కట్టేముందు మాత్రం ఎత్తు కొలుచుకో (బీట్ పోస్టులకు ఆడవాళ్లకు 150 సెంటీమీటర్లు అడుగుతారు), కంటి డాక్టరుకు ఒకసారి చూపించుకో.