ఫిజిక్స్ పుస్తకం తెలుగులోకి తేవాలంటే ముందు ఫిజిక్స్ రావాలి

తెలుగు మీద మంచి పట్టున్నవాళ్లు, సబ్జెక్ట్ అంతగా తెలియకపోయినా, పారిభాషిక పదకోశం పక్కన పెట్టుకుని సైన్సు పుస్తకాలు అనువదించొచ్చా అని అడిగారు.

కుదరదండీ. ఇరవై రెండేళ్లుగా హైస్కూలు పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్న అనుభవంతో చెబుతున్నాను. పదకోశంలో మాట దొరుకుతుంది, ఆ మాట ఎక్కడ వాడితే ప్రమాదమో దొరకదు.

కొన్నేళ్ల కిందట ఒక ప్రచురణ సంస్థ అడిగితే తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేశాను. ఆరు నెలలు రాత్రిళ్లు కూర్చుని చేసిన పని. భాష దిద్దినాయన పండితుడే, కాదనను. కానీ ఒకే పేజీలో 'బలం' ఏడుసార్లు వచ్చింది, చదవడానికి బాగోలేదని సగం చోట్ల 'శక్తి' అని మార్చేశారు. నాకు ఒక్క మాట చెప్పలేదు, పుస్తకం అచ్చయి చేతికొచ్చాకే చూశాను. బలానికి ప్రమాణం న్యూటన్, శక్తికి జౌల్. ఆ వారమే క్లాసులో ఒక అమ్మాయి లేచి "టీచర్, శక్తికి ప్రమాణం న్యూటనా, జౌలా?" అని అడిగింది. నా పేరున్న పుస్తకం చేతిలో పెట్టుకుని మరీ అడిగింది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

అప్పటి నుంచి ఈ విషయం వస్తే నేను చెప్పేది ఒకే ఒక్క మనిషి గురించి, ఎమిలీ దు షాత్లే గురించి. 1706లో పారిస్‌లో పుట్టిన ఫ్రెంచ్ ఆవిడ, రచయిత్రి, అనువాదకురాలు. న్యూటన్ లాటిన్‌లో రాసిన ప్రిన్సిపియా అనే భౌతికశాస్త్ర గ్రంథాన్ని ఫ్రెంచ్‌లోకి తెచ్చింది ఈవిడే. ఎక్కడ చూసినా "ప్రఖ్యాత రచయిత వోల్టేర్ ప్రియురాలు" అని మొదలుపెడతారు, నాకు ఒళ్లు మండిపోతుంది. న్యూటన్ గురించి వోల్టేర్ 1738లో వేసిన పుస్తకంలో ముఖచిత్రం ఉంది చూడండి, పైనుంచి న్యూటన్ వెలుగు పడుతుంటే ఈవిడ అద్దం పట్టుకుని ఆ వెలుగుని కింద రాసుకుంటున్న వోల్టేర్ మీదకి తిప్పుతూ ఉంటుంది. లెక్కలు వచ్చింది ఈవిడకి, పేరొచ్చింది ఆయనకి. అంతకుముందు పారిస్ సైన్స్ అకాడమీ నిప్పు స్వభావం మీద వ్యాసాల పోటీ పెడితే, వోల్టేర్ కూడా రాస్తున్నాడని ఆయనకి తెలియకుండా రాత్రిళ్లు మేలుకుని తన వ్యాసం తను రాసి పంపింది. ఇద్దరికీ బహుమతి రాలేదు గానీ అకాడమీ రెండూ అచ్చు వేసింది.

ఇంతకీ నా గొడవ బలం, శక్తి గురించి కదా. మా పుస్తకంలో జరిగిన తికమక మీదే అప్పట్లో యూరప్ అంతా కొట్టుకుంది. ఇప్పుడు మనం ద్రవ్యవేగం, గతిజశక్తి అని విడివిడిగా చెప్పేవాటిని అప్పుడు స్పష్టంగా వేరు చేయలేదు, రెండూ 'బలం' అనే మాటలోనే కలిసిపోయేవి. కదిలే వస్తువు 'బలం' ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వస్తుందని న్యూటన్ పక్షం వాళ్లు, వేగం వర్గంతో గుణించాలని జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ పక్షం వాళ్లు. ఎమిలీకి న్యూటన్ అంటే ప్రాణం, అయినా 1740లో తన కొడుకు చదువు కోసమని రాసిన భౌతికశాస్త్ర పుస్తకంలో ఈ విషయంలో లైబ్నిజ్ వైపు నిలబడింది. అకాడమీ కార్యదర్శి మెరాన్ ఆమెని తప్పుపడుతూ 1741లో ఒక లేఖ అచ్చు వేయిస్తే, కొద్ది వారాల్లోనే తనూ అచ్చులోనే జవాబు చెప్పింది.

ఆమె ఆధారాల్లో ఒకటి హాలండ్‌లో గ్రావెసాండే అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం, మెత్తటి మట్టి మీద ఇత్తడి గుండ్లు వేర్వేరు ఎత్తుల నుంచి వదలడం. అది నేను మా పిల్లలతో చేయించాను. కుమ్మరాయన దగ్గర తొక్కి సిద్ధం చేసిన బంకమట్టి ఒక తట్ట, లారీ మెకానిక్ దగ్గర పాత బేరింగులోంచి తీసిన పెద్ద ఇనుప గుండు ఒకటి. అర మీటరు నుంచి ఒకసారి, బల్ల ఎక్కి 2 మీటర్ల నుంచి ఒకసారి వదిలారు. ఎత్తు నాలుగింతలైతే కిందికి వచ్చేసరికి వేగం రెండింతలవుతుంది, అది ముందే లెక్క వేయించాను. గుంట ఎంత పెద్దదవుతుంది అంటే అందరూ రెండింతలు అన్నారు. తర్వాత సిరంజితో గుంటల్లో నీళ్లు పోసి కొలిచారు. మొదటి దాంట్లో 3 మిల్లీలీటర్లు పట్టాయి. రెండో దాంట్లో 6 దగ్గర ఆగుతుందనుకుంటే ఆగలేదు, 9 దాటింది, క్లాసంతా బల్ల చుట్టూ మూగింది, పదకొండున్నర దగ్గర నిండింది. వేగం రెండింతలైతే గుంట దాదాపు నాలుగింతలు, అంటే లైబ్నిజ్ చెప్పిన వేగం వర్గం లెక్కే. బలం వేరు, శక్తి వేరు అని ఎన్నేళ్లు నోటితో చెప్పినా ఎక్కనిది ఆ రోజు సిరంజి పట్టుకున్న పిల్లలందరికీ ఎక్కింది. శక్తికి ప్రమాణం అడిగిన అమ్మాయి అప్పటికి పదో తరగతి అయిపోయి వెళ్లిపోయింది, అదొక్కటే నాకు బాధ.

ఇవన్నీ తెలిసిన మనిషి కాబట్టే ప్రిన్సిపియా అనువాదం అలా చేయగలిగింది. మాటకి మాట పెట్టి ఊరుకోలేదు, న్యూటన్ జ్యామితిలో చెప్పిన ముఖ్యమైన విషయాల్ని కలన గణితంలో (కాలిక్యులస్‌లో) మళ్లీ సాధించి వ్యాఖ్యానంగా చేర్చింది. గణిత శాస్త్రజ్ఞుడు క్లేరో ఆ లెక్కలు సరిచూశాడు. 1749లో ఎమిలీ 42 ఏళ్ల వయసులో గర్భవతి. ఆ రోజుల్లో ఆ వయసులో కాన్పంటే బతుకుతామన్న ధైర్యం ఉండదు, ఆమెకీ లేదు. అందుకే రాత్రీ పగలూ కూర్చుని పూర్తి చేసి, కాన్పుకి కొద్ది రోజుల ముందు రాతప్రతిని రాజుగారి గ్రంథాలయానికి పంపించేసింది. సెప్టెంబర్ 4న ల్యునేవీల్‌లో ఆడపిల్ల పుట్టింది. 10న తల్లి పోయింది. హేలీ తోకచుక్క తిరిగొచ్చిన 1759లో ఆ పుస్తకం పూర్తిగా అచ్చయింది. రెండు వందల ఏళ్లకు పైగా ఫ్రెంచ్‌వాళ్లు న్యూటన్‌ని ఆమె మాటల్లోనే చదువుకున్నారు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఈ పని కంటే చాలా ముందు ఆమె మాండెవిల్ అనే ఆయన ఇంగ్లీషులో రాసిన తేనెటీగల కథని ఫ్రెంచ్ చేస్తూ ముందుమాట రాసుకుంది. అందులో అనువాదకుల్ని సాహిత్య లోకపు వర్తకులంటుంది. తానే రాజైతే మానవజాతిలో సగాన్ని పక్కన పెట్టేసిన అన్యాయాన్ని సరిచేసి, మనుషుల హక్కులన్నిట్లో, ముఖ్యంగా మేధకి సంబంధించిన వాటిలో, ఆడవాళ్లకి భాగమిస్తానంటుంది. ఆ అనువాదం ఆమె బతికుండగా అచ్చుకాలేదు.

మీరు పుస్తకం మొదలుపెడితే, వేరే ఎవరితోనైనా భాష దిద్దించండి, కానీ దిద్దాక మళ్లీ మీరే మొదటి నుంచి చివరిదాకా చదివిగానీ అచ్చుకి ఇవ్వకండి. బలం, పని, శక్తి, సామర్థ్యం ఉన్న అధ్యాయం ఉంటే నాకు పంపండి, ఎన్ని పేజీలున్నా చదివి పెడతాను.