మల్టీ జిమ్ కొనే ముందు: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పలు రకాల బరువు వ్యాయామాలను ఒకే యంత్రం మీద చేయించే మల్టీ జిమ్‌ను ఇంటికి కొనడం మంచిదా కాదా అని అడిగావు. నాలుగైదు యంత్రాల వివరాలు కూడా పంపావు గానీ, నువ్వు ఇప్పుడు ఏ వ్యాయామం చేస్తున్నావో, ఎక్కడ ఆగిపోయావో మాత్రం రాయలేదు. నా దృష్టిలో నిర్ణయమంతా ఆ సంగతి మీదే ఆధారపడి ఉంటుంది. యంత్రం తీర్చగలిగే ఇబ్బందులు కొన్నే ఉన్నాయి. దండీలు, బస్కీలు తేలికైపోయి ఇంకా బరువు అవసరమైన వారికి అది బరువును సమకూరుస్తుంది. పక్కన సాయం పట్టే మనిషి లేకుండా వ్యాయామం చేసేవారికి, రెండు కొసలా బరువులు తగిలించే బార్‌బెల్ ఛాతీ మీద పడుతుందేమోనన్న భయం తప్పిస్తుంది. కడ్డీకి వేలాడి ఒంటిని పైకి లాగలేని వారికి, కూర్చుని, పైనున్న కడ్డీని కిందికి లాగే ల్యాట్ పుల్‌డౌన్ ద్వారా వీపు కండరాలకు పని చెబుతుంది. నీ ఇబ్బంది వీటిలో ఒకటైతే కొనే ఆలోచన సబబే. తీరిక దొరక్కపోవడమో, మొదలుపెట్టిన నెలకే మానేయడమో నీ ఇబ్బంది అయితే, ఇనుము ఇంటికి వచ్చినంత మాత్రాన అది తీరదు.

ఈ రెండింటిలో నీది ఏదో తేలాలంటే, యంత్రాన్ని పెట్టాలనుకుంటున్న గదిలోనే, వ్యాయామం చేయాలనుకుంటున్న వేళకే, ఒక మూడు నెలల పాటు దండీలు, బస్కీలు, రబ్బరు బ్యాండ్లతో సాధన చేసి చూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దవాళ్ళు వారానికి కనీసం 2 రోజులు ప్రధాన కండరాలన్నిటికీ బలం పెంచే వ్యాయామం చేయాలని చెబుతాయే తప్ప, దానికి ఫలానా పరికరం ఉండాలని చెప్పవు. తేలికైన బరువుతోనైనా సరే, ఇక ఒకటి రెండు సార్లకు మించి చేయలేననిపించేదాకా సెట్ (ఆగకుండా వరసగా చేసే సాధన) కొనసాగిస్తే కండరం పెరుగుతుంది. యంత్రాలనూ డంబెల్స్ వంటి విడి బరువులనూ పోల్చిన పరిశోధనలలో కూడా కండరం పెరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. బలం మాత్రం ఏ పద్ధతిలో సాధన చేస్తే ఆ పద్ధతిలోనే ఎక్కువగా వస్తుంది. కనుక యంత్రం లేకపోవడం వల్ల ఈ మూడు నెలలూ నీకు వృథా కావు.

ఆ గడువు తరువాత కూడా కొనాలనే అనిపిస్తే, ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసిన బరువు అంకెను పక్కన పెట్టి, అది చేతికి ఎంత తగులుతుందో కనుక్కో. తీగ కప్పీల గుండా 2:1 నిష్పత్తిలో సాగే యంత్రంలో బరువుల దొంతర 100 కిలోలు ఉన్నా, పిడి దగ్గర నీకు తెలిసేది 50 కిలోలే. ఇందులో మోసమేమీ లేదు. పిడిని రెండు మీటర్లు లాగితే దొంతర ఒక మీటరే లేస్తుంది కాబట్టి, చేతిని దూరంగా చాపి చేసే వ్యాయామాలకు ఈ అమరిక చాలా అనుకూలం. పైగా బరువు పెంచే మెట్టు కూడా సగమవుతుంది. కానీ భారీ బరువు కావాలనుకునేవాడు ఈ సంగతి తెలియకుండా కొంటే ఏడాది తిరగకముందే దొంతర చివరి పలకకు చేరుకుంటాడు.

మెట్టు విషయం చాలామంది పట్టించుకోరు. ఒక్కో పలక 5 కిలోలు అనుకుందాం. ఛాతీతో నెట్టేటప్పుడు 40 నుంచి 45కు వెళ్ళడం పెద్ద కష్టం కాదు, కానీ చేతిని పక్కకు ఎత్తే భుజం వ్యాయామంలో 5 నుంచి 10కి వెళ్ళడమంటే ఒక్కసారిగా రెట్టింపు చేయడమే. అక్కడే కొత్తవాళ్ళు భుజం నొప్పి తెచ్చుకుంటారు. ఒకటి రెండు కిలోల చిన్న బరువులను దొంతరకు అదనంగా తగిలించుకునే వీలు ఉందా అని అమ్మేవారిని తప్పకుండా అడుగు.

ఇంటి యంత్రాల అసలు బలహీనత కాళ్ళ దగ్గర బయటపడుతుంది. చాలావాటిలో మోకాలిని చాపే, మడిచే ఏర్పాటు మాత్రమే ఉంటుంది. తొడలూ పిరుదులూ కలిసి పని చేసే స్క్వాట్‌కు అది సాటి రాదు. పాదాలతో బరువును నెట్టే లెగ్ ప్రెస్ విడిగా కొనుక్కున్నా, నిత్యం ఒంటి బరువును మోసే కాళ్ళకు 70, 80 కిలోల దొంతర ఎన్నాళ్ళో సరిపోదు. నువ్వు యంత్రం కొన్నా కాళ్ళకు ఒంటికాలి బస్కీలో, డంబెల్స్ పట్టుకుని చేసే స్క్వాట్లో కొనసాగించాల్సిందేనని ముందే లెక్కలో వేసుకో.

వంగే కడ్డీలతోనో రబ్బరుతోనో పని చేసే యంత్రాలు తేలికగా, చప్పుడు లేకుండా ఉంటాయి. అయితే వాటిలో సాగదీసేకొద్దీ బరువు పెరుగుతుంది. కదలిక మొదట్లో బరువు చాలా తక్కువగా తగులుతుంది. మోటారుతో బరువును కల్పించే డిజిటల్ యంత్రాలు గోడకు ఇమిడిపోతాయి, మెట్టు సమస్య వాటిలో ఉండదు, కానీ కొన్నిటికి నెలనెలా చందా కట్టాలి. చందా ఆపితే వాటిలో ఏ ఏ పనులు మిగులుతాయో రాతపూర్వకంగా తెలుసుకోకుండా డబ్బు కట్టవద్దు. తయారీదారు నిలబడతాడా అన్నది కూడా ఆలోచించాలి. ఇంటి వ్యాయామ యంత్రాలకు ఎంతో పేరున్న బోఫ్లెక్స్ సంస్థే 2024 మార్చిలో దివాలా రక్షణ కోరి, ఆస్తులను మరొకరికి అమ్ముకుంది. అందుకే మామూలు ఉక్కు తీగ, మామూలు కప్పీలు ఉన్న యంత్రమంటే నాకు మక్కువ. అవి అరిగినా బయట దొరికే విడిభాగాలతో బాగుచేయించుకోవచ్చు.

గది సంగతి క్లుప్తంగా చెబుతాను. కేబుల్ యంత్రాల ఎత్తు తరచుగా 2 మీటర్లు దాటుతుంది. పైన కడ్డీ ఉంటే తల లేపడానికి మరికొంత చోటు కావాలి. నేలమీద అది ఆక్రమించే కొలతను కాక, చేతులు కాళ్ళు చాపి తిరగడానికి అవసరమైన చోటును కొలుచుకో. పై అంతస్తులో రెండు మూడు వందల కిలోల బరువును ఒకే చోట పెట్టాలంటే ముందుగా ఇంజినీరును అడగడం మంచిది. ఇంట్లో చిన్నపిల్లలు తిరుగుతుంటే దొంతర చుట్టూ కవచం ఉన్నదే తీసుకో, వాడనప్పుడు బరువును ఎంచుకునే పిన్ను తీసి దాచు.

సొంతంగా కూర్చుని చూడకుండా ఏదీ కొనవద్దు. మోకాలి యంత్రంలో ఇరుసు సరిగ్గా నీ మోకీలుకు ఎదురుగా రావాలి. సీటు ఎంత జరిపినా రాకపోతే ఆ యంత్రం నీ ఒంటికి సరిపడదు. పాతది చవకగా దొరికితే నాకు అభ్యంతరం లేదు. తీగ చివర్లలో ప్లాస్టిక్ పూత చిట్లిందా, దొంతర జారే కడ్డీలకు తుప్పు పట్టిందా, కప్పీలు ఊగుతున్నాయా అని చూసుకుంటే చాలు. రక్తపోటు, హెర్నియా, గుండె జబ్బు వంటివి ఏమైనా ఉంటే మాత్రం వైద్యుడిని అడిగాకే బరువు ముట్టుకో. ఊపిరి బిగబట్టి నెట్టినప్పుడు రక్తపోటు బాగా పెరుగుతుంది.

నన్ను ఒక్క మాటలో చెప్పమంటే, నీ వయసువాడికి ముందుగా ఒక గట్టి బెంచీ, బరువు మార్చుకునే డంబెల్స్ జత చాలని అంటాను. వాటిలోనూ పలకలను పట్టి ఉంచే గొళ్ళెం గట్టిదై ఉండాలి. 2025 జూన్‌లో పలకలు ఊడి పడుతున్నాయన్న కారణంగా అమెరికాలో దాదాపు 38 లక్షల బోఫ్లెక్స్ డంబెల్స్‌ను వెనక్కి పిలిచారు. యంత్రమే కావాలనుకుంటే, నువ్వు పంపినవాటిలో ఎత్తు మార్చుకునే కప్పీలు రెండున్నదే నాకు కాస్త నచ్చింది, కానీ దాని నిష్పత్తి ఎంతో ఎక్కడా రాయలేదు. అది కనుక్కుని, గది కొలతలతో పాటు నీ సాధన వివరాలు రాసి పంపు. మిగతా వాటిలో ఏవేవి కొట్టేయాలో అప్పుడు చెబుతాను.

ఇట్లు,
మామయ్య