మందులు లేకుండా కౌన్సెలింగ్‌తో పానిక్ అటాక్స్ తగ్గుతాయా?

నాకు తగ్గాయి. అయితే మాటలతో కాదు, సింహాచలం మెట్లతో. జోకు కాదు, చెప్తాను.

నాలుగేళ్ల కిందట వైజాగ్‌లో ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మొదటిసారి వచ్చింది. గుండె దడదడ, చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందట్లేదు, ఇక అయిపోయాననుకున్నాను. బండి పక్కన పడేసి ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తితే ఈసీజీ నార్మల్, "గ్యాస్ అయ్యుంటుందండీ" అని పంపేశారు. ఆ ఏడాది ఇలాగే నాలుగు ఈసీజీలు. (నన్నడిగితే వైజాగ్‌లో సగం గ్యాస్ ట్రబుల్ అసలు ఇదే.) ఎవరో చెప్పారని గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర కొని జేబులో వేసుకున్నాను, అది లేకుండా వీధి చివర కిరాణా కొట్టుకి కూడా కదిలేవాడిని కాదు. ముందు ఫ్లైఓవర్ మానేశాను, తర్వాత బస్సు, ఆఖరికి పెళ్లిళ్లు. అమ్మ దిష్టి తీసింది. మా బావైతే "వీడ్ని చినవాల్తేరు తీసుకెళ్లాలేమో" అని అందరి ముందూ నవ్వాడు. ఈ ఊళ్లో పుట్టినవాళ్లకి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు, అక్కడి మానసిక ఆస్పత్రి పేరుని తిట్టు చేసి పెట్టుకున్నాం.

క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తే చిన్నప్పటి కష్టాలు అడిగి ఓదారుస్తారనుకున్నాను. ఆవిడ ముందు గుండె రిపోర్టులన్నీ చూసి, రివాల్వింగ్ కుర్చీలో కూర్చోబెట్టి నిమిషం పాటు గిరగిరా తిప్పారు! ఇంకోరోజు ముక్కు మూసుకుని సన్న స్ట్రాతో ఊపిరి పీల్చమన్నారు. ఆ దడ, ఆయాసం కావాలనే తెప్పించి, వాటితో ఏమీ కాదని నాకే తెలియడానికట. నా భయం ఫ్లైఓవర్ మీద కాదట, నా గుండె చప్పుడు మీదట. డేవిడ్ క్లార్క్ అనే సైకాలజిస్ట్ 1986లోనే ఇది రాశాడు: మామూలు దడని గుండెపోటనుకుంటాం, అనుకున్నందుకు దడ పెరుగుతుంది, పెరిగింది కాబట్టి నిజమేననుకుంటాం.

తర్వాత అసలు పరీక్ష. "ఆదివారం సింహాచలం మెట్లెక్కండి. మాత్ర ఇంట్లో పెట్టేసి."

"మధ్యలో ఏమైనా అయితే మేడమ్?"

"ఏమవుతుందో కాగితం మీద రాసుకుని ఎక్కండి."

"సగం దారిలో పడిపోతాను, నమ్మకం 90 శాతం" అని రాశాను. మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరానన్న మాటే గానీ, చెయ్యి పదిసార్లు ఖాళీ జేబు మీదికే పోయింది. సగం దాటాక గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, ఇదే అదని మెట్టు మీద కూలబడ్డాను. కింద నుంచి మెట్టుమెట్టుకీ పసుపు రాసి బొట్టు పెట్టుకుంటూ ఒక ముసలమ్మ వచ్చింది, నన్ను ఎగాదిగా చూసి "కొంచెం జరుగు బాబూ, ఈ మెట్టుకి పెట్టాలి" అంది. జరిగాను. నేను చచ్చిపోతున్నాను, ఆవిడకేమో మెట్టు కావాలి! నవ్వొచ్చేసింది. లేచి ఆవిడ వెనకాలే ఎక్కాను, దడ దానంతటదే ఎప్పుడు దిగిందో కూడా చూసుకోలేదు. పైన పులిహోర తిని కాగితం తీసి "పడలేదు" అని రాశాను.

ఒక్కరోజుతో పోలేదు లెండి, మూడు నెలలు అలాంటి కాగితాలే. ఫ్లైఓవర్ ఎక్కింది ఆఖర్న.

డబ్బుల సంగతి మాత్రం అడక్కండి. శరీర రోగాలతో సమానంగా మానసిక రోగాలకీ బీమా ఇవ్వాలని 2017 చట్టం ఉంది, మా కంపెనీవాళ్లేమో ఆస్పత్రిలో చేరితేనే ఇస్తామన్నారు. కుర్చీలో తిప్పించుకోవడానికి ఎవరు చేర్చుకుంటారు? రెండ్రోజుల సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టేసిన కౌన్సెలర్లు ఇంకో తలనొప్పి. క్లినికల్ సైకాలజిస్టులని నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి.

ఇప్పటికే మాత్రలు వాడుతుంటే నా మాట విని ఆపేయొద్దు, అది డాక్టర్ చూసుకోవాల్సింది. ఎక్కడికెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితమే, తెలుగులోనూ మాట్లాడతారు. గుండె డాక్టర్‌కి మాత్రం ముందు ఒకసారి చూపించుకోండి. ఒక్కసారి, నాలా నాలుగుసార్లు కాదు.