కళ్లు మూసుకుంటే అప్పులే గుర్తొస్తున్నాయి.. నాకు యోగా పడదా?

ప్రశ్న: నా వయసు 47. మూడేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. ఆరు నెలల కిందట మావారి ఉద్యోగం పోయింది. చిట్టీ బకాయిలు, పిల్లల ఫీజులు మీద పడ్డాయి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, గుండె దడ. వీడియోలు చూసి కపాలభాతి, భస్త్రిక మొదలుపెట్టి పది రోజులైంది. తల తిరుగుతోంది, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ప్రశాంతత మాట అటుంచి, కళ్లు మూసుకుంటే అప్పులే గుర్తొస్తున్నాయి. మానేయమంటారా? – ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ రెండూ ఇవాళే మానేయండమ్మా. యోగా మాత్రం మానొద్దు.

గబగబా ఊపిరి వదిలేస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఉండాల్సిన దానికన్నా తగ్గిపోతుంది. మెదడులోని రక్తనాళాలు కాస్త ముడుచుకుంటాయి. మీ తల తిరగడానికీ, తిమ్మిర్లకీ చాలావరకు ఇదే కారణం. పైగా బీపీ ఉన్నవాళ్లు వేగంగా చేసే ప్రాణాయామాలు, ఊపిరి బిగబట్టే కుంభకం, తలకిందులుగా వేసే ఆసనాల జోలికి సొంతంగా వెళ్లకూడదు. వీడియోలో చెప్పే ఆయనకు మీ బీపీ సంగతి తెలియదు కదా!

మీకు కావలసింది నిదానం. కుర్చీలోనైనా సరే, వీపు నిటారుగా పెట్టి కూర్చోండి. సెకనుకో అంకె చొప్పున నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెల సేపు మెల్లగా వదలండి. అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. మామూలుగా 12 నుంచి 20 దాకా తీసుకుంటాం. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూస్తే, గాలి వదిలేటప్పుడు అది కాస్త నెమ్మదించడం కొందరికి తెలుస్తుంది. గుండెకు కళ్లెం వేసే వేగస్ నాడి చేసే పని అది. పది నిమిషాలు చాలు. తర్వాత గాలి వదులుతూ తుమ్మెద ఝుంకారంలా శబ్దం చేసే భ్రామరి నాలుగైదుసార్లు, రాత్రి పడుకోబోయే ముందు వెల్లకిలా పడుకుని ఒళ్లంతా వదులుచేసే శవాసనం.

ఇక అప్పులు గుర్తుకు రావడం. ఇంట్లో జీతం ఆగిపోతే రాకుండా ఎలా ఉంటాయి? చిత్తవృత్తులను, అంటే మనసులో కదలాడే ఆలోచనలను నిరోధించడమే యోగమని యోగసూత్రాల్లో అన్న పతంజలే, అభ్యాసం చాలాకాలం ఎడతెగకుండా సాగితేనే గట్టిపడుతుందని అదే పాదంలో (అధ్యాయంలో) చెప్పాడు. మీరు చేసింది పది రోజులు! ఆలోచన వస్తే రానివ్వండి, మళ్లీ అంకెల దగ్గరికి రండి. అప్పుల లెక్కకు మాత్రం సాయంత్రం ఒక వేళ పెట్టుకుని, ఇద్దరూ కూర్చుని పుస్తకంలో రాసుకోండి. తెల్లవారుజామున చీకట్లో వేసే లెక్కలు ఎప్పుడూ ఎక్కువే తేలతాయి.

దడనంతా టెన్షన్ ఖాతాలో వేసేయొద్దు. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. నెలసరి ఆగిపోయే వయసు మార్పులు కూడా నిద్ర చెడగొడతాయి. బీపీ మాత్ర ఒక్కరోజూ ఆపొద్దు. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, దేనిమీదా ఆసక్తి లేకపోతే సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంకొక్క మాట. ఉద్యోగం పోయింది మీవారికి. ఆయన ఎలా ఉన్నారో, నిద్రపోతున్నారో లేదో మీరు రాయలేదు. రేపటి నుంచి ఆ పది నిమిషాలు ఆయన్నీ పక్కన కూర్చోబెట్టుకోండి.