మాల తీశాక దేవుడి ముందు నిలబడ్డా ఏమీ అనిపించడం లేదు

ప్రశ్న: నా వయసు 27. ఐదేళ్లు ప్రేమించుకున్నాం. వేసవిలో ఆమెకు వేరే పెళ్లి చేశారు. మరిచిపోదామని అయ్యప్ప మాల వేసుకున్నాను. భజనలో శరణు చెబుతుంటే ఏడుపొచ్చేది, కానీ గుండె తేలికయ్యేది. మాల తీసి ఇరవై రోజులైంది. ఇప్పుడు పటం ముందు నిలబడ్డా ఏమీ అనిపించడం లేదు. పొద్దున లేవబుద్ధి కావట్లేదు. ఏడు కిలోలు తగ్గాను. నిద్ర కోసం ఫ్రెండ్ చెప్పిన అల్ప్రజోలం రెండు నెలలుగా వేసుకుంటున్నాను. స్వామి నన్ను వదిలేశాడా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ ప్రశ్న మీ గురుస్వామిని అడగండి, నా చదువుకు అందేది కాదు. నాకు భయం వేసింది మాత్రల దగ్గర. దీక్షలో ఉల్లిపాయ కూడా ముట్టకుండా, రాత్రయ్యేసరికి ఇది మాత్రం వేసుకున్నారన్నమాట!

అల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సింది. చీటీ లేకుండా ఇచ్చిన షాపువాళ్లది తప్పే, అడిగిన మీదీ తప్పే. అది నిద్ర పట్టిస్తుంది గానీ దిగులు తీర్చదు. కొన్ని వారాలకే ఒంటికి అలవాటైపోతుంది. అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే వణుకు, కంగారు, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చూసి కొద్దికొద్దిగా తగ్గించాలి. మాల తీయగానే పెగ్గు మొదలుపెట్టేవాళ్లను ఏటా చూస్తుంటాను. మీరూ ఆ బాపతైతే తాగడం వెంటనే ఆపండి. ఈ మాత్రకు ఆల్కహాల్ తోడైతే ఊపిరి మందగించి ప్రాణం మీదకు రావచ్చు.

బరువు తగ్గడం కొంత ఒంటిపూట భోజనం వల్ల కావచ్చు. అయినా థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. అవి బాగున్నా, దేనిమీదా మనసు పోకపోవడం, నిద్రలేమి, లేవలేకపోవడం రెండు వారాలు దాటాయంటే డిప్రెషన్ అనుమానించాలి. చూడకుండా ఖాయంగా చెప్పలేను. డిప్రెషన్‌లో తిండి రుచి పోయినట్టే పూజలో రుచీ పోతుంది, అది భక్తి లోపం కాదు. పైగా 41 రోజులు తెల్లవారుజాము స్నానం, తోటి స్వాములు, సాయంత్రం భజన మిమ్మల్ని నిలబెట్టాయి. మాలతో పాటు అవన్నీ ఒక్కరోజులో పోయాయి. మాల లేకపోయినా భజనకు వెళ్లవచ్చు, ఎవరూ వద్దనరు.

ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి. చచ్చిపోవాలనిపిస్తోందా? మీరు రాయలేదు కాబట్టి నేనే అడుగుతున్నాను. అనిపిస్తే వారం కూడా ఆగకండి, ఇంట్లో చెప్పి ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మాత్రల స్ట్రిప్ ఇంట్లో పెద్దవాళ్లకు ఇచ్చేయండి, ఏ రాత్రికి ఆ రాత్రి వాళ్లే ఇస్తారు. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు అది వెంట తీసుకెళ్లండి. ఎన్ని మిల్లీగ్రాములో మీరు నాకు రాయలేదు, దాని మీద ఉంటుంది.