అన్నయ్య వేసిన ఎఫ్4, పిల్లల వయసు: మా 18 ఏళ్ల అనుభవం

మీ అన్నయ్య 2012లో మీకు ఎఫ్4 (అమెరికా సిటిజన్ల తోబుట్టువులకిచ్చే గ్రీన్‌కార్డు కేటగిరీ) కింద ఐ-130 పిటిషన్ వేశారు, 2017లో అప్రూవ్ అయింది, పాపకి 15, బాబుకి 11. ఇంకెన్నేళ్లు పడుతుంది, పిల్లలు వస్తారా, ఈలోపు ఇల్లు కొనుక్కోవచ్చా అని అడిగారు. మా అన్నయ్య నాకు వేసింది 2005 ఆగస్టులో. ముంబైలో ఇంటర్వ్యూ అయింది 2023లో. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కష్టమైన మాట చెప్పేస్తాను. సిటిజన్ల తోబుట్టువులకి ప్రపంచం మొత్తం మీద ఏడాదికి దాదాపు 65,000 వీసాలే. తోబుట్టువుల భార్యాభర్తలు, పిల్లలు కూడా అందులోనే లెక్క. దానికి తోడు ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా ఇచ్చే వీసా బులెటిన్‌లలో 2025 చివర్లో కూడా ఇండియా ఎఫ్4 ఫైనల్ యాక్షన్ తేదీ 2006లోనే ఉంది, అంటే ఆ తేదీకి ముందు పిటిషన్ వేసినవాళ్లకే వీసా. ‘మాది 2012 కదా, ఇంకో ఆరేళ్లే’ అనుకోకండి. ఏడాది గడిస్తే తేదీ కూడా ఏడాది జరుగుతుందన్న నమ్మకం లేదు. 2005 సెప్టెంబర్ 15 దగ్గర ఇండియా తేదీ నెలల తరబడి కదలకుండా నిలబడిపోయింది. మీరు పదేళ్ల పైమాటే అనుకుని ప్లాన్ చేసుకోండి. ముందే వస్తే సంతోషం.

పిల్లల సంగతి మాత్రం మీరు భయపడుతున్నంత తేలిగ్గా చేజారిపోదు. సీఎస్‌పీఏ అని, క్యూలో ఉండగా వయసు దాటిపోయే పిల్లల్ని కాపాడడానికి 2002లో వచ్చిన చట్టం ఉంది. దాని ప్రకారం వీసా నంబర్ అందుబాటులోకి వచ్చిన రోజుకి (అంటే బులెటిన్‌లో మీ వంతు వచ్చినప్పటికి) పిల్లల అసలు వయసెంతో చూసి, అందులోంచి ఐ-130 వేసిన రోజు నుంచి అప్రూవ్ అయిన రోజు వరకు పట్టిన కాలాన్ని తీసేస్తారు. మిగిలింది 21 లోపు ఉండాలి, పెళ్లి కాకూడదు. మీ పిటిషన్ ఐదేళ్లు పెండింగ్‌లో ఉంది కాబట్టి మీ పాపకి దాదాపు 26 వచ్చేదాకా అవకాశం ఉంటుంది. అంటే ఇంకో 11 ఏళ్లు. బాబుకి 15 ఏళ్లు. పాపది అటూ ఇటూగా ఉంది, బాబుకి ఆశ ఎక్కువ. అప్రూవల్ నోటీసు మీ అన్నయ్య దగ్గరే ఉంటుంది, రోజుతో సహా తేదీలు కనుక్కోండి. మా బంధువుల్లో ఒకరి లెక్క కొన్ని నెలల తేడా మీదే ఆధారపడింది. ఇంకో ముఖ్యమైన విషయం, నంబర్ వచ్చాక ఏడాది లోపు ఫీజు కట్టడమో, డీఎస్-260 (ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు) నింపడమో చేయాలి. లేకపోతే ఈ రక్షణే పోవచ్చు.

మాకు ఈ లెక్క తెలిసింది చాలా ఆలస్యంగా. మా పెద్దమ్మాయి 1995లో పుట్టింది. దానికి రెండు మంచి సంబంధాలు వస్తే, పెళ్లయితే వీసా పోతుందని మేమే వద్దన్నాం. అది నోరు తెరిచి ఏమీ అనలేదు. 2022లో మా తేదీ వచ్చేసరికి దానికి 26 నిండాయి. మా పిటిషన్ అప్రూవ్ కావడానికి పట్టింది నాలుగేళ్లే. తీసేస్తే 22. లిస్టులోంచి దాని పేరు పోయింది, తమ్ముడి పేరు నిలిచింది. ఆ రాత్రి అది నా పక్కనే కూర్చుని తమ్ముడి ఫారం తనే నింపింది. తర్వాత దాని పెళ్లి చేసి హైదరాబాద్‌లో కాపురం పెట్టించి, మేం అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చాం. పెళ్లయిన కూతురికి నేను వేయాలంటే ముందు సిటిజన్ కావాలి, అది ఎఫ్3 అనే వేరే కేటగిరీ, మళ్లీ ఇంకో పెద్ద క్యూ. పాప పెళ్లి వయసుకొచ్చాక మంచి సంబంధం వస్తే దయచేసి ఈ కాగితం కోసం ఆపకండి. ఇల్లు కొనుక్కోండి. ప్రమోషన్ వస్తే తీసుకోండి.

కాగితాలు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి. మీరూ మీ అన్నయ్యా ఒకే తల్లిదండ్రుల పిల్లలని చూపించాలి కదా, మాకు అక్కడే చిక్కొచ్చింది. మా ఇద్దరి పుట్టుకా మున్సిపాలిటీలో నమోదు కాలేదు. నా పదో తరగతి మెమోలో అమ్మ పేరు చివర ‘అమ్మ’ ఉంది, అన్నయ్య కాగితాల్లో లేదు. ఇంటిపేరు నా మెమోలో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. 2014లోనే మున్సిపాలిటీ నుంచి నమోదు లేదని సర్టిఫికెట్లు తీసుకుని, అమ్మ చేత అఫిడవిట్లు రాయించాం. తెనాలిలో నోటరీ బల్ల ముందు కళ్లజోడు సర్దుకుంటూ, ‘ఇద్దరూ నా పిల్లలే అని కాగితం మీద రాయాలా నాయనా’ అని ఆయన్ని అడిగి మరీ సంతకం పెట్టింది. 2017లో అమ్మ పోయింది. ఇంటర్వ్యూలో ఆఫీసర్ తిప్పి తిప్పి చూసింది ఆ కాగితాలే. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే ఆ పని చేయించండి. పెళ్లి రిజిస్ట్రేషన్ లేకపోతే అదీ చేయించుకోండి. పోలీస్ క్లియరెన్స్, మెడికల్ మాత్రం ఇప్పుడు వద్దు, వాటికి గడువుంటుంది.

మీ అన్నయ్య వయసు కూడా లెక్కలోకి తీసుకోండి. మా వంతు వచ్చేసరికి అన్నయ్య రిటైర్ అయ్యాడు. స్పాన్సర్, అంటే పిటిషన్ వేసిన మనిషి ఆదాయం అక్కడి పేదరిక పరిమితికి కనీసం 125 శాతం ఉండాలి. పింఛను సరిపోక మా మేనల్లుడు తన ఆదాయం చూపించి జాయింట్ స్పాన్సర్‌గా నిలబడ్డాడు. అన్నయ్య ఆరోగ్యం గురించీ అడుగుతూ ఉండండి, పిటిషన్ వేసిన మనిషి పోతే అప్రూవల్ దానంతటదే రద్దవుతుంది. మానవతా దృష్టితో పునరుద్ధరించమని అడగొచ్చు కానీ ఇస్తారన్న గ్యారంటీ లేదు. ఎన్‌వీసీకి (ఇంటర్వ్యూకి ముందు కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్‌కి) ఇచ్చిన ఈమెయిల్ పనిచేస్తోందో లేదో చూడమనండి. మాది అన్నయ్య పాత ఆఫీసు ఈమెయిల్, ఎప్పుడో మూతపడింది. అప్‌డేట్ చేయించకపోతే నోటీసు వచ్చిన సంగతే తెలిసేది కాదు.

డబ్బు కడితే తేదీ ముందుకు జరిపిస్తామనే వాళ్లని నమ్మకండి. ఒక కన్సల్టెన్సీ మా దగ్గర 40 వేలు తీసుకుని, బులెటిన్‌లో ఉన్నదే ప్రింట్ తీసి ఇచ్చింది. ఆ క్యూని జరిపే చెయ్యి ఎవరికీ లేదు.

విజిటర్ వీసా వేయొచ్చు. దాని దరఖాస్తు ఫారం డీఎస్-160లో మీ పేరున ఇమిగ్రెంట్ పిటిషన్ ఉందా అని అడుగుతారు, ఉందనే రాయండి. నాకు మొదటిసారి రిజెక్ట్ అయింది, రెండేళ్లకి మళ్లీ వేస్తే ఇచ్చారు. వెళ్లి గడువులోగా తిరిగొచ్చేశాను. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగారు, ఇబ్బందేమీ కాలేదు.

పిటిషన్ వేసిన తేదీ, అప్రూవ్ అయిన తేదీ, పిల్లల పుట్టిన తేదీలు దగ్గర పెట్టుకుని కింద కామెంట్‌లో అడగండి. పాప లెక్క రోజులతో సహా కలిసి వేసి చూద్దాం.